బాలింత దూది

మా మెస్‌కి మొదటిసారి వచ్చినవాళ్ళు గుమ్మం దగ్గరే ఆగిపోతారు. లోపల ఎవరో కొట్టుకుంటున్నారనుకుంటారు. కొట్టుకోవడం కాదు. ఒకాయన పచ్చిపులుసు అడుగుతున్నాడు, ఇంకొకాయన ఊళ్ళో వానలు పడ్డ సంగతి చెబుతున్నాడు, మూడో ఆయన కూరలో ఉప్పు తక్కువైందని నన్ను సతాయిస్తున్నాడు. అంతే. సూరత్‌లోని లింబాయత్‌లో మా సందు మగవాళ్ళు మాట్లాడుకునే తీరు అది. పక్కన కుట్టుమిషన్లు బాగుచేసే గుజరాతీ ముసలాయన, మేము మెస్ పెట్టిన కొత్తలో, విడదీద్దామని కర్ర పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. తర్వాత ఆయనకీ అలవాటైపోయింది. ఇప్పుడు ఆయనా అరుస్తాడు.

మా దగ్గర తినేవాళ్ళందరూ మరమగ్గాల మీద పనిచేసేవాళ్ళు. ఉత్తర తెలంగాణ పల్లెల నుంచి వచ్చినవాళ్ళు. పొద్దున్నించి సాయంత్రం దాకా, లేదా సాయంత్రం నుంచి పొద్దున దాకా, ఆ మోతలో నిలబడి వస్తారు. వీళ్ళలో ఒక్కడికి కూడా చెవుడు లేదు. అడిగి చూడండి, మీదికొస్తారు. చెవుడంటే పుట్టుకతో వచ్చేదట, లేకపోతే ముసలితనంలో వచ్చేదట. తమది చెవుడు కాదు, ఎదుటివాడు నోరు తెరిచి మాట్లాడకపోవడం. "జర గట్టిగ మాట్లాడరాదు, బువ్వ తినలేదా?" అంటారు. సందులో అందరికీ ఉన్నదాన్ని జబ్బని ఎవడంటాడు? ఇంత తెలివితక్కువ లెక్కమీద ఒక పేటంతా హాయిగా బతికేస్తోందంటే నాకు నవ్వూ వస్తుంది, అసహ్యమూ వేస్తుంది. అసహ్యమే ఎక్కువ. ఎందుకంటే ఆ తెలివితక్కువతనంలో మా అక్క కాపురం నలిగిపోయింది.

మా బావ పెళ్ళైన కొత్తలో పెద్ద వాగుడుకాయ. అప్పుడు నాకింకా పెళ్ళి కాలేదు, వాళ్ళింట్లోనే ఉండి చదువుకుంటున్నాను. డ్యూటీ దిగి రాగానే కాళ్ళు కడుక్కుని వంటగది గడపమీద కూర్చునేవాడు. ఇక మొదలు. ఏ మగ్గం ఆ రోజు మొండికేసింది, కార్ఖానా సేఠ్ కొత్త కారుని ఏ మేక గీకింది, పక్క మగ్గం మీద పనిచేసే ఒడియా మనిషి చద్దన్నంలో ఏం నంజుకున్నాడు, అన్నీ చెప్పేవాడు. మధ్యలో లేచి ఆ మేక ఎలా నడిచిందో నడిచి చూపించేవాడు. అక్క నవ్వుతూ పొయ్యిమీద అన్నం మాడబెట్టేది. నేను పుస్తకం పట్టుకుని మెట్లమీదకి పారిపోయేదాన్ని. అక్కకి ఆ మనిషిలో నచ్చినదే ఆ వాగుడు. "పక్కింటామె మొగడు రెండు మాటలు మాట్లాడితే మూడో మాటకు నిద్రపోతడు, మనాయన నయం," అనేది.

అది ఒక్కరోజులో పోలేదు. మొదట వెనకనుంచి పిలిస్తే పలకడం మానేశాడు. తర్వాత పక్కగదిలోంచి పిలిస్తే. తర్వాత ఎదురుగా కూర్చుని ఉన్నా, తను చెప్పేది చెప్పేసి, అక్క చెప్పేదానికి ఊఁ కొట్టి, ఆ ఊఁ తప్పు చోట పడి, అక్క మొహం మాడ్చుకుంటే ఎందుకో అర్థంకాక తనూ మాడ్చుకునేవాడు. మా అక్కది సన్నటి గొంతు. చిన్నప్పుడు మా నాయన దాన్ని పిట్టా అని పిలిచేవాడు. ఆ పిట్ట ఇప్పుడు అరవడం మొదలుపెట్టింది. అరిస్తే ఆయనకి వినిపించేది, కానీ అరుపుగా వినిపించేది. "ఎందుకు మొత్తుకుంటున్నవ్? నేనేమన్న చెవిటోన్నా?" అని ఆయన ఇంకా గట్టిగా అరిచేవాడు. ఇరుగుపొరుగు తలుపుల దగ్గర నిలబడేవాళ్ళు. మా సందులో వాళ్ళకి ఏమీ వినబడకపోయినా ఇతరుల ఇళ్ళలో గొడవ మాత్రం బాగా వినబడుతుంది.

పైగా ఒక చిక్కు. సందులో మగవాళ్ళు పిలిస్తే మా బావ పలికేవాడు. పాన్ డబ్బా దగ్గర ఎవడో బండగొంతుతో కేకేస్తే తిరిగి చెయ్యూపేవాడు. పెళ్ళాం పిలిస్తేనే పలకడు. దీంతో సందంతా ఒక నిర్ణయానికొచ్చేసింది. పొగరు. లేకపోతే బయట ఇంకెవరో ఉంది. మా సందుకి ఈ రెండు జబ్బులే తెలుసు.

ఇక మొదలయ్యాయి వైద్యాలు. వరసన చెబితే నాకే తలనొప్పి వస్తుంది. స్టేషన్ అవతల ఎక్కడో ఒక గుడిలో దారం కడతారట, కడితే మొగుడి మనసు ఇంటివైపు తిరుగుతుందట. అక్క పోయి కట్టించుకుని, ఆయనకొకటి తెచ్చింది. ఆయన పాపం చెయ్యి చాపాడు. తర్వాత ఆయన తల్లి ఊరినుంచి వచ్చి, వంటగది తప్పు దిక్కున ఉందని పొయ్యిని ఈ మూలనుంచి ఆ మూలకి మార్పించింది. మార్చాక అక్క పొయ్యి దగ్గర నిలబడితే వీపు గడపవైపు ఉండేది. అంటే అంతకుముందు మొహం చూసి అయినా కాస్త అర్థం చేసుకునేవాడు, అదీ పోయింది. టీవీ పెద్దది కొన్నారు, ఆయనకి టీవీ సరిగ్గా వినబడక చిరాకు పడుతున్నాడని. అది నడుస్తుంటే ఇంట్లో ఇంకెవరికీ ఏదీ వినబడదు. ఇన్ని చేసినవాళ్ళలో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, ఈ మనిషికి చెవులు ఎలా ఉన్నాయని అడగలేదు.

నాకు తోచేది ఒకటే. మగ్గం మీద బతికేవాళ్ళకి దారం తెగితే ముడి వెయ్యడం చేతికి అలవాటు. తెగింది, ముడేశాం, మగ్గం మళ్ళీ నడిచింది. ఎందుకు తెగుతోందని నిలబడి ఆలోచించేవాడు మా కార్ఖానాల్లో పనికిరాడు, వాడి మగ్గం ఆగిపోతుంది, సేఠ్ చూస్తాడు. అది మగ్గానికి సరే. ఇంటికొచ్చాక కూడా ముళ్ళే వేస్తుంటే ఏమనాలి?

చివరికి అక్క సంచీలో చీరలు పెట్టుకుని నా మెస్‌కి వచ్చేసింది. అప్పటికి నా పెళ్ళై, మెస్ పెట్టి, కొంతకాలమైంది. ఉల్లిపాయలు తరుగుతూ కూర్చుంది. కళ్ళమ్మట నీళ్ళెందుకని అడిగితే ఉల్లిపాయలంది. నేనూ పక్కన కూర్చుని తరగడం మొదలుపెట్టాను. కాసేపటికి తనే అంది.

"ఆయన నన్ను చూస్తనే ఉంటడు. నా మాట మాత్రం ఇనడు. కొట్టినా బాగుండు."

"కొడితే ఏం బాగుంటది?" అన్నాను.

"కొడితే కోపమొచ్చిందని తెలుస్తది గదా. ఇప్పుడు ఏం తెలుస్తలేదు."

అక్క ఇల్లు వదిలిందని తెలియగానే పెద్దమనుషులు లేచారు. మా వాళ్ళకి పంచాయితీ అంటే పండగ. కార్ఖానాలకు సెలవు రోజు చూసి, ఒక మేడ పైఅంతస్తులో పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ వాడుకునే హాల్లో కుర్చీలు వేశారు. పెద్ద పెద్దమనిషి ఒకప్పుడు కార్ఖానాలో మాస్టరు, మగ్గాలు చెడిపోతే బాగుచేసేవాడు. ఇప్పుడు కాపురాలు బాగుచేస్తున్నాడు. సందంతా ఆయన్ని కాకా అంటుంది. ఆయన గొంతు పెద్దది, నవ్వు పెద్దది, తనంటే తనకున్న మర్యాద అన్నిటికంటే పెద్దది. మా బావని మధ్యలో కుర్చీలో కూర్చోబెట్టారు. అక్క గోడ పక్కన చాపమీద కూర్చుంది, నేను దాని పక్కన.

అక్క చెప్పింది. పిలిస్తే పలకడు, చెప్తే వినడు, ఇంట్లో నేనొక మనిషిని ఉన్నాననే లేదు, అని. సన్నగా చెప్పింది. పెద్దమనుషులు సగంమంది చెవి దగ్గర అరచెయ్యి పెట్టుకుని విన్నారు. మిగతా సగంమంది వాళ్ళని "ఏమంటుంది?" అని అడిగారు. చెవులు లేనివాళ్ళు పదిమంది కూర్చుని ఇంకొకడు ఎందుకు వినడో విచారణ చేస్తున్నారు. నేను నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఏడుపనుకుని ఒకావిడ నా వీపు నిమిరింది.

అప్పుడు కాకా తన తెలివి చూపించాడు. లేచి మా బావ కుర్చీ వెనక్కి వెళ్ళి, ఉన్నట్టుండి ఆ బండగొంతుతో పేరుపెట్టి పిలిచాడు. మా బావ ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు.

"చూసిన్రా? ఇనవడుతది. మంచిగ ఇనవడుతది. పెండ్లాం పిలిస్తెనే ఇనవడదు!"

హాలంతా అవును అవునంది. మా బావ అందరి మొహాలూ ఒక్కొక్కటిగా చూశాడు. అప్పుడు గమనించాను నేను, ఆయన కళ్ళు అందరి పెదవుల మీద పరిగెడుతున్నాయి. ఎవరు మాట్లాడుతున్నారో వెతికేలోపు ఆ మాట అయిపోయేది. ఇంకెవరో మొదలుపెట్టేవాళ్ళు. ఆయన మళ్ళీ వెతుక్కునేవాడు. చివరికి తల దించేసుకున్నాడు. తల దించుకున్నాడంటే తప్పు ఒప్పుకున్నాడని తీర్పు చెప్పేశారు. పెళ్ళాం పిలిచినప్పుడు పలకాలి, పెళ్ళాం సందు వినేలా అరవకూడదు. ఇద్దరి చేతా సరే అనిపించారు. అందరూ చాయ్ తాగారు. కాకా రెండు గ్లాసులు తాగాడు, కష్టపడ్డాడు కదా.

ఆ వారమే నేను అక్కనీ బావనీ చెవుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాను. మా మాట అర్థమవుతుందని తెలుగు డాక్టరమ్మని వెతికాను, కొత్తగా వచ్చింది, ఆంధ్రా పిల్ల. అద్దాల గదిలో కూర్చోబెట్టి చెవులకి తొడుగులు పెట్టి శబ్దాలు వినిపించింది. వినబడినప్పుడు చెయ్యెత్తమంది. బయటినుంచి మేమిద్దరం అద్దంలోంచి చూస్తున్నాం. బావ మొదట్లో చెయ్యెత్తాడు. తర్వాత ఎత్తలేదు. డాక్టరమ్మ మీటలు నొక్కుతూనే ఉంది, ఆయన బుద్ధిగా, పరీక్ష రాసే పిల్లాడిలా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునే ఉన్నాడు. ఇంకా ఏదో మొదలవుతుందని ఎదురు చూస్తున్నాడు. అక్క నా మోచెయ్యి పట్టుకుంది. ఆ పట్టు నొప్పి పెట్టింది.

డాక్టరమ్మ సూటిగా చెప్పింది. యంత్రాల మోతవల్ల పోయిన వినికిడి ఇది. పోయింది తిరిగి రాదు. ముందు సన్నటి శబ్దాలు పోతాయి, అందుకే మగవాళ్ళ బండగొంతులు అందుతున్నాయి, ఆవిడ గొంతు అందడంలేదు. ఉన్నది మిగలాలంటే మోతనుంచి తప్పుకోవాలి. తప్పుకునేదాకా చెవుల్లో గట్టిగా బిరడాలు పెట్టుకునే పనిచెయ్యాలి. "అదే పనిలో ఇలాగే ఉంటే మిగిలింది కూడా పోతుందండి. మందుల్లేవు దీనికి," అంది.

అక్క ముఖంలో అప్పుడొచ్చిన వెలుగు నేను మర్చిపోలేను. ఆయనకి తనమీద విసుగు లేదు. తన గొంతు అందడంలేదు, అంతే. వచ్చేటప్పుడు ఆటోలో ఆయన చెయ్యి పట్టుకుని కూర్చుంది. మర్నాడే సంచీ తీసుకుని ఇంటికి వెళ్ళిపోయింది. పొయ్యిని మళ్ళీ పాత మూలకి మార్చింది.

సందు మాత్రం మండిపడింది. డాక్టరు దగ్గరికి పోతే మందు రాయలేదట! సూది లేదు, గోళీ లేదు, చుక్కల మందు లేదు. అదేం డాక్టరు? మా మెస్‌లో పప్పన్నం కలుపుకుంటూ ఒకాయన, "ఉత్తగ మాటలు చెప్పి పంపిందా? మాటలకు డాక్టరెందుకు, కాకా లేడా?" అన్నాడు. వెంటనే బావని ఇంకో డాక్టరు దగ్గరికి తోలుకుపోయారు. ఆయన రంగురంగుల గోళీలు, చెవిలో వేసుకునే చుక్కలు ఇచ్చాడు. సందు శాంతించింది. ఇప్పుడు ఆ మనిషికి వైద్యం జరుగుతోంది మరి.

బిరడాలు నేను కొనిచ్చాను. నురుగులా మెత్తగా ఉంటాయి, వేళ్ళతో నలిపి చెవిలో పెడితే ఉబ్బి మూసుకుంటాయి. బావ పెట్టుకుని కార్ఖానాకి పోయాడు. సాయంత్రం వచ్చి అక్కతో చెప్పాడట, తలలో ఇంత నెమ్మది ఎప్పుడుందో గుర్తులేదని. వారం రోజులు గడిచాయో లేదో, అయిపోయింది.

అవి తెల్లగా ఉంటాయి. మా వాళ్ళకి చెవిలో తెల్లగా కనిపించేదేదైనా దూదే. చెవుల్లో దూది పెట్టుకునేది ఎవరు? బాలింత. ఇక దొరికిపోయాడు మనిషి. మగ్గాల మధ్య నిలబడి మాటలతో ఆటపట్టించడం కుదరదు కదా, అక్కడంతా చేతి సైగలే. చేతులు ఉయ్యాల ఊపినట్టు ఊపేవాళ్ళట. పొట్ట నిమురుకునేవాళ్ళట. చాయ్ సమయంలో ఎవడో ఆయన తలకి తువ్వాలు చుట్టాడు. "బిడ్డనా, కొడుకా?" అని ఒకడు. "కాయం తిన్నవా?" అని ఇంకొకడు. పెళ్ళాలకి పురుళ్ళొచ్చినప్పుడు ఆ బాలింత మందు ఎక్కడ దొరుకుతుందో తెలియనివాళ్ళు వీళ్ళంతా.

మెస్‌లో కూడా ఒకడు మొదలుపెట్టాడు. బావ పక్కన కూర్చుని ఉండగా, "గీ అక్కకు పత్తెం కూర వెయ్యి," అన్నాడు నాతో. అందరూ నవ్వారు. మా బావ కూడా అర్థం కాకుండానే కాస్త నవ్వాడు. నేను నవ్వలేదు. ఆ మొనగాడికి ఆ పూటా, మర్నాడూ వెల్లుల్లి కారం, అన్నం తప్ప ఇంకేమీ వడ్డించలేదు. అదేందని అడిగితే, "పత్తెం. నోరు పడిపోయినోళ్ళకు గిదే," అన్నాను. వేరే మెస్‌కి పోయాడు. పోనీ.

కానీ నా కోపంతో బావ చెవులకి ఒరిగిందేముంది? బిరడాలు పెట్టుకోవడం మానేశాడు. అడిగితే, దారం తెగినప్పుడు మగ్గం మోత మారుతుంది, అది తెలియాలి కదా అన్నాడు. అందులో కొంత నిజం లేకపోలేదు. కానీ అసలు సంగతి మాకు తెలుసు. చెవులు పోతే పోనీ, బాలింత అనిపించుకోలేడు. వాటిని వాళ్ళ కళ్ళ ముందే తీసి మురిక్కాలవలో పడేశాడట, చప్పట్లు కొట్టారట. పదిమంది సగం చెవిటివాళ్ళు, ఒకడు తమలాగే ఉండిపోతానన్నందుకు చప్పట్లు కొట్టారు. ఇంతకంటే నీచమైన చప్పట్లు నేను వినలేదు.

ఇంకో దారి కూడా ఉండింది. అదే కార్ఖానాలో పైన ఫోల్డింగ్ గది ఉంది. నేసిన బట్టని చూసి, మడతలు పెట్టి, తానులుగా కట్టి పంపే గది. అక్కడ మోత అంతగా ఉండదు. జీతం కాస్త తగ్గుతుంది, అక్క మెస్‌లో నాకు సాయం చేస్తే ఆ తేడా సర్దుకుంటుంది. నేను, అక్క, మా ఆయన కూర్చుని లెక్క చూసుకున్నాం. సేఠ్‌ని అక్కే వెళ్ళి అడిగింది. ఆయనకేం, రమ్మన్నాడు. బావ కూడా దాదాపు ఒప్పుకున్నాడు. అక్క ఆ రోజు మెస్‌లో పనిచేస్తూ సన్నగా ఏదో పాడుకుంది.

అప్పుడు కాకా వచ్చాడు. ఎవరూ పిలవలేదు. వచ్చి బావకి ఎదురుగా కూర్చుని, ఆ గొంతుతో, ఒక్క మాట కూడా తప్పిపోకుండా చెప్పాడు.

"మగ్గం మీద చెయ్యి తిరిగినోనివి. ఆడోళ్ళ నడుమ కూసోని బట్టలు మడత పెడ్తవా? మా చెవులు మంచిగున్నయా? మేము బతుకుతలేమా? నీకు, నీ పెండ్లానికి లొల్లి ఉండె, అది పోయింది. ఇంకేం కావాలె?"

మా బావకి స్పష్టంగా వినిపించే గొంతు ఈ ప్రపంచంలో అదొక్కటే మిగిలింది. అది ఈ మాటలు చెప్పింది.

సాయంత్రం నేను బావ దగ్గరికి వెళ్ళాను. ఎదురుగా నిలబడి, పెదవులు బాగా కదుపుతూ, ఒక్కో మాటా విడమర్చి చెప్పాను. ఆయన నా మొహం చూస్తూ విన్నాడు.

"నువ్వు మంచికే చెప్తున్నవ్ పిల్లా," అన్నాడు. "గని రేపు నేను ఏ మొకం పెట్టుకొని తిరగాలె?"

"నీ మొకం బానే ఉంది బావా. చెవులు పోతున్నయ్."

నవ్వాడు. "అందరియి పోయినయ్ గద," అన్నాడు.

దీపావళికి కార్ఖానాలో పూజ చేసినప్పుడు సేఠ్ ఆయనకి చెవి మిషన్ బహూకరించాడు. దండ వేశారు, ఫోటో తీశారు, కాకా దయగల మారాజని సేఠ్‌ని పొగిడాడు. మర్నాడు ఆ మిషన్ పెట్టుకుని మగ్గాల దగ్గర నిలబడ్డాడు మా బావ. మాటలని పెద్దవి చేసే మిషన్ మగ్గాలని మాత్రం వదిలేస్తుందా? కణతలు పట్టుకుని బయటికొచ్చేశాడు. ఆ తర్వాత దాన్ని చొక్కా జేబులో వేసుకుని పోయేవాడు. సేఠ్ ఎదురైతే జేబు తట్టి చూపించేవాడు. మోత చేసే మగ్గాలు తనవే అయినా, ఆ మోతకి పోయిన చెవులకి మిషన్ కొనిచ్చి పుణ్యం కట్టుకున్న పెద్దమనిషికి ఆ మాత్రం మర్యాద చెయ్యాలి కదా. ఇంట్లో పెట్టుకుంటే గిన్నెల చప్పుడు గుచ్చుకుంటోందని తీసేసేవాడు. ఇప్పుడది టీవీ కింది సొరుగులో ఉంది.

అక్క అరవడం మానేసింది. ఒక రోజున మానెయ్యాలనుకుని మానేసినట్టు కాదు. అరిచి అరిచి గొంతు బొంగురుపోయి, అది తగ్గాక మళ్ళీ మొదలుపెట్టలేదు. కార్ఖానా సైగలు కొన్ని నేర్చుకుంది. రా, పో, తిను, నీళ్ళు, ఎవరో వచ్చారు. సంసారానికి అవి సరిపోతాయి. బావ కూడా కబుర్లు చెప్పడం తగ్గించేశాడు, అవతలివాళ్ళు తిరిగి ఏమన్నారో తెలియనప్పుడు ఎంతసేపని చెబుతాడు? వాళ్ళింటికి పోతే ఇద్దరూ చెరోపక్క కూర్చుని ఉంటారు. టీవీ మాత్రం ఇల్లెగిరిపోయేలా మోగుతుంటుంది. అక్క దాన్ని చూడదు.

సందులో మా అక్కాబావలు ఇప్పుడు ఆదర్శ దంపతులు. ఏళ్ళు గడిచాయి, ఒక్క గొడవ వినబడలేదు. అందుకే మొన్న ఇంకో పంచాయితీ పెట్టినప్పుడు కాకా అక్కని ప్రత్యేకంగా పిలిపించాడు. అదే హాలు, అవే కుర్చీలు. మధ్యలో ఒక కుర్రమనిషి, పెళ్ళై ఎక్కువకాలం కాలేదు. చాపమీద అతని పెళ్ళాం, ఇక్కడే సూరత్‌లో పెరిగిన పిల్ల, సగం తెలుగు సగం హిందీలో ఏడుస్తోంది. పిలిస్తే పలకడట. స్నేహితులు పిలిస్తే పలుకుతాడట, తను పిలిస్తేనే పలకడట.

కాకా లేచి ఆ కుర్రాడి కుర్చీ వెనక్కి వెళ్ళాడు. గట్టిగా పిలిచాడు. అతను తిరిగి చూశాడు. హాలంతా అవును అవునంది.

"గీ అమ్మ ఇల్లు గూడ గిట్లనే ఉండె," అన్నాడు కాకా అక్కని చూపించి. "ఇప్పుడు జూడున్రి, ఎంత మంచిగున్నరో. చెప్పు బిడ్డా, జర ఆ పిల్లకు చెప్పు."

అక్క లేచింది. ఆ పిల్లనే చూస్తూ, తన సన్నటి గొంతుతో చెప్పింది. "ఆయనకు నీ మీద కోపం లేదు బిడ్డా. చెవులు పోతున్నయ్. మగ్గం కాడ పోతున్నయ్. గా పని మాన్పియ్యి. పైసలు తక్కువొచ్చినా సరే, బాలింత అన్నా సరే, ఇప్పుడే మాన్పియ్యి. నాది ఆలస్యమైంది."

"ఏమన్నది?" అన్నాడు కాకా, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని.

నేను లేచి, మెస్‌లో అరిచే గొంతుతో, అక్క చెప్పిన ప్రతి మాటా చెప్పాను. ఈసారి అందరికీ వినబడింది. వినబడలేదని ఎవరూ అనడానికి లేదు.

కాకా తల ఊపాడు. "మంచిది, మంచిది. పని ముచ్చట తర్వాత. మీ లొల్లి ఎట్ల తగ్గింది, గది చెప్పుమంటున్న," అన్నాడు.

అక్క తన చోటికి పోయి కూర్చుంది. తీర్పు ఏం చెప్పారో మీకు తెలుసు. చాయ్ వచ్చింది.

మెట్లు దిగుతుంటే ఆ పిల్ల మా వెనకే వచ్చింది. అక్క చెయ్యి పట్టుకుని ఆపింది. కళ్ళు తుడుచుకుంటూ, ఎవరూ వినకుండా అడిగింది. "ఆంటీ, మీరు ఏదో గుడిలో దారం కట్టించుకున్నారట కదా. ఎక్కడ ఉందది?"

అక్క దారి చెప్పింది. స్టేషన్ దాటి, ఎడమవైపు తిరిగి, పూలదుకాణాల పక్క సందు. ఏ ఆటో ఎక్కాలో కూడా చెప్పింది. ఆ పిల్ల థాంక్స్ చెప్పి వెళ్ళిపోయింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఎందుకు చెప్పినవే?" అని అరిచాను.

"ఆ పిల్ల ఏమడిగిందో అది చెప్పిన," అంది అక్క. "ఇంకోటి చెప్తే ఇన్నదా?"

కింద రోడ్డు మీద బావ మాకోసం నిలబడి ఉన్నాడు. పంచాయితీ హాల్లోకి ఆయన ఇప్పుడు రాడు. అవతలివైపు తిరిగి షేర్ ఆటోలు చూస్తున్నాడు. నేను అలవాటు కొద్దీ బావా అని పిలిచాను, మెస్ గొంతుతోనే. ఆయన కదల్లేదు. అక్క పిలవలేదు. చుట్టూ తిరిగి వెళ్ళి, ఆయన ముందు నిలబడింది.